మరిగే నీళ్ళ నీలాలు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఊయల దిగని రోజుల్లో, ఏటిగట్టున ఒక గొల్లపల్లె. ఆ పల్లెలో పెరుగమ్ముకునే నీలాలు.

నీలాలుకి కొడుకు పుట్టాడు. వారం తిరక్కుండానే దవడలు బిగుసుకుని, పాలు పట్టక చనిపోయాడు. గాలి సోకిందన్నారు. రెండోవాడూ అలాగే పోయాడు. నక్షత్రం మంచిది కాదన్నారు. మూడోవాడూ అలాగే పోయాడు. దాని కడుపే మంచిది కాదన్నారు. ఆడదాని మీదికి తోసెయ్యడం ఎంత సులువో చూడండి.

ఆ పల్లెలో ఇంటింటా చూరులో ఒక కొడవలి ఉండేది. మగపిల్లాడు పుడితే బొడ్డు దానితోనే కొయ్యాలి. దాన్ని కడగకూడదు. కడిగితే వంశం కడుక్కుపోతుందట.

నాలుగోసారి నొప్పులొచ్చాయి. ఈ బిడ్డా దక్కకపోతే కొడుక్కి మారుమనువు చేస్తానని అత్త ఎర్రమ్మ ముందే చెప్పింది. నీలాలు అత్త చెయ్యి పట్టుకుంది.

"పాలకుండకి రోజూ మరిగే నీళ్ళు పోస్తాం గదా అత్తా. పొయ్యకపోతే పాలు ఇరిగిపోతాయి. కంటికానని పురుగేదో ఉన్నాది. నా బిడ్డ పాలకుండ పాటి సెయ్యడా? ఆ కొడవలి మరగబెట్టి కొయ్యండి."

అత్త ఒప్పుకోలేదు. ఇంతలో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల.

"ఆడపిల్లే గదేటి. నీకు నచ్చినట్టు కోసుకో," అంది అత్త.

కత్తీ, బొడ్డు కట్టే దారమూ మరిగే నీళ్ళలో పడ్డాయి. పిల్ల బతికింది.

అది చూసి ఆడపిల్లల్ని కన్నవాళ్ళు నీలాలుని పిలిచారు. మగపిల్లాడైతే మాత్రం చూరులోంచి కొడవలి దిగేది, మర్యాదగా, తుప్పుతో సహా. ఆడపిల్లలు మట్టిలో పాకారు. మగపిల్లలు మట్టిలో కలిశారు. ఇంత కళ్ళెదుట కనబడుతుంటే ఊరేం తేల్చింది? నీలాలు మగపిల్లల్ని మింగే మంత్రగత్తె అని తేల్చింది. కూతురితో సహా ఊరవతలికి వెళ్ళగొట్టింది. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్నాళ్ళకి ఎర్రమ్మ కూతురు పురిటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. మంత్రసాని చూరులో చెయ్యి పెట్టింది. ఎర్రమ్మకి పోయిన మనవలు ముగ్గురూ గుర్తొచ్చారు. మంత్రసానిని ఆపి, తనే ఊరవతలికి పరుగెత్తింది.

"నీ మరిగే నీళ్ళు కావాలే, నీలాలూ," అంది.

నేనైతే తలుపు మూసేదాన్ని. నీలాలు వచ్చి పొయ్యి ముట్టించింది. మనవడు బతికాడు.

నీలాలు పోయాక ఊరు ఒక రాయి నిలబెట్టి పసుపు పూసింది. మగబిడ్డని బతికించిన తల్లి అట. అంతకుముందు బతికిన ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తరు. అందుకే నేను ఎత్తుతున్నాను.

ఇప్పటికీ ఆ పక్క నొప్పులు మొదలవగానే ముందు పొయ్యి ముట్టిస్తారు. కత్తిని నీళ్ళలో వేస్తారు. నీళ్ళు సలసల మరిగితే "నీలాలు వచ్చింది" అంటారు. అప్పటికి లోపలున్నది ఆడో మగో ఎవరికీ తెలియదు.