బొంగరం నాంచారి, ఉడుతల అంచు

అనగనగనగా... ముందు ఆ కాళ్ళు ఆడించడం ఆపు చిట్టీ. ఆపావా? కుడికాలు ఆపి ఎడంకాలు మొదలెట్టావు, నాకు తెలీదనుకున్నావా? సరే, ఆడించుకో. ఈ కథలో పిల్ల కూడా అచ్చం నీలాంటిదే.

అనగనగా ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో కోడి కుయ్యక్కర్లేదు, మగ్గాల చప్పుడుకే తెల్లారేది. ఆ ఊళ్ళో నాంచారి అని ఒక అమ్మాయి ఉండేది. నిలబడితే కాలు ఆడించేది. కూర్చుంటే చెయ్యి ఆడించేది. పడుకుంటే కలలో కూడా ఎక్కడికో పరిగెత్తేది. అందుకని ఊరంతా కలిసి దానికి బొంగరం అని పేరు పెట్టేశారు.

"ఏమే బొంగరం, ఇవాళ నీకు తాడు ఎవరు చుట్టారే?" అని వీధిలో అడిగేవాళ్ళు.

"చుట్టేవాళ్ళంతా అలిసిపోయారు పిన్నీ, నువ్వు రా!" అనేసి, ఆ పిన్ని నవ్వేలోపు మలుపు తిరిగిపోయేది.

మగ్గం మీద కూర్చోబెడితే పోగులు తెంపుతుందని, వాళ్ళమ్మ పేరిందేవి దానికి మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులోంచి దారాలు లాగే పని అప్పజెప్పింది. ఆ పనికి సన్నటి ఇనప కొక్కెం ఒకటి ఉంటుంది. నాంచారి నాలుగు దారాలు లాగేది, కొక్కెం జడముడిలో దోపుకునేది, వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. మళ్ళీ నాలుగు దారాలు, మళ్ళీ వీధి చివర. అలా పని సాగేది. సాగిందనే అనుకుందాం.

ఆ ఊరి చేనేత సంఘం గదిలో ముగ్గురక్కలు ఉండేవాళ్ళు. మనుషులు కారులే, మూడు పాతకాలం కంప్యూటర్లు. ఒక్కోటీ బియ్యం డబ్బా అంత ఉండేది. పైన గాజు మొహం, కింద అడ్డంగా చీల్చినట్టు సన్నటి నోరు. వచ్చిన వరుసలో వాటిని పెద్దక్క, నడిపక్క, చిన్నక్క అని పిలుచుకునేవాళ్ళు. వాటి గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాలి, కాళ్ళు కడుక్కోవాలి. గుడికి కూడా అంత పద్ధతిగా వెళ్ళేవాళ్ళు కాదు ఆ జనం.

అప్పడమంత నల్లటి ఫ్లాపీని ఆ నోట్లో పెడితే, అక్కలు కర్‌కర్‌మని నమిలేవి. నమిలి, అందులో దాచిన బొమ్మని గాజు మీద పచ్చటి చుక్కలుగా చూపించేవి. అప్పుడు ఆ చుక్కలు చూసుకుంటూ అట్టలకి చిల్లులు కొట్టేవాళ్ళు. ఆ తర్వాత ఆ చిల్లుల అట్టలు మగ్గం నెత్తిన తగిలిస్తే, బొమ్మ మెల్లగా దిగొచ్చి చీర అంచు మీద కూర్చునేది.

పేరిందేవి ఆ అక్కల దగ్గరే కూర్చుని ఒక అంచు గీసింది. ఉడుతల అంచు. ఉడుత వెనక ఉడుత, ఒకదాని తోక పట్టుకోబోయి ఇంకొకటి, చీర చుట్టూ ఒకటే పరుగు. అప్పటికి నాంచారి కడుపులో ఉంది. "ఎలా గీశావే?" అని ఎవరడిగినా, "లోపల తన్నుతున్నదాన్ని చూసి గీశా," అనేది.

ఆ తర్వాత ఒక ఏడు వాగు పొంగింది. ఉడుతల అట్టలన్నీ నాని ముద్దయిపోయాయి. నేసిన చీరలు ఎప్పుడో అమ్ముడైపోయాయి, ఇక ఉడుతలు మిగిలింది ఫ్లాపీలోనే. పేరిందేవి దాన్ని పట్టుచీర మడతల్లో దాచుకుంది.

ఆ తర్వాత అక్కలకి ఏమయిందో ఏమో, ఒకదాని వెనక ఒకటి తినడం మానేశాయి. ఫ్లాపీ పెట్టబోతే నోట్లోకి పోదు. బలవంతంగా తోస్తే విరుగుతుందని భయం.

ఆ తర్వాత పేరిందేవి కళ్ళు మసకబారడం మొదలైంది. ముందు దారం కనబడలేదు. తర్వాత గడియారం కనబడలేదు. "ఎదురుగా ఉన్న నీ మొహం కూడా మబ్బేసినట్టుందే. పూర్తిగా చీకటి పడేలోపు నా ఉడుతల్ని ఒక్కసారి చూడాలి," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాంచారి కాళ్ళు ఇంకా గబగబా ఆడేవి.

ఒకరోజు మధ్యాహ్నం ఆకాశమంతా నల్లగా కమ్ముకొచ్చింది. ఉరుముతోంది కానీ కురవడం లేదు. కోళ్ళు అటూ ఇటూ పరిగెడుతున్నాయి, ఆరేసిన పడుగు దారాలు తీసేవాళ్ళు అరుచుకుంటున్నారు. అప్పుడు వీధిలోకి పాత సామాన్ల ఆటో వచ్చింది. వచ్చి ఎక్కడాగింది? సంఘం గది ముందు.

నాంచారి పరుగున వెళ్ళేసరికి పాత సామాన్లు కొనే మీరా సాహెబు ముగ్గురక్కల్నీ ఆటోలోకి ఎక్కించేస్తున్నాడు. సంఘం పెద్ద భావనారాయణ గారు గుమ్మంలో నిలబడి కండువాతో కళ్ళొత్తుకుంటున్నాడు.

"పెదనాన్నా! అక్కల్ని అమ్మేస్తున్నావా?"

"అమ్మడమేంటే, సాగనంపుతున్నా. నూలు మూటలకి చోటు లేదు. తిండి మానేసినవాటిని ఎన్నాళ్ళని పెట్టుకుంటాం? నేను చెయ్యాల్సింది చేశానమ్మా. ప్రతి దసరాకీ మగ్గాలతో పాటు వీటికీ పూజ చేశా. జబ్బు పడ్డాక ఇంకాస్త ఎక్కువే చేశా. ఏం లాభం?"

"పోనీ అమ్మ ఫ్లాపీ కొత్త కంప్యూటర్లో పెట్టిద్దాం."

"కొత్తదానికి నోరే లేదే పిల్లా. నీ నోట్లో సగం దానికున్నా బాగుండేది."

"సగం ఇచ్చేస్తే మిగతా సగం నీకు జవాబు చెప్పడానికి చాలదు పెదనాన్నా!" అంది నాంచారి. అటు తిరిగి, "ఎక్కడికి తీసుకెళ్తావు మీరా మావా?" అని అడిగింది.

"పెద్ద రోడ్డు మీద లారీ ఉంది. పట్నం వెళ్తుంది. అక్కడ సుత్తులతో కొట్టి, రాగి ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప పోస్తారు. మిగిలింది మంటల్లో వేస్తారు. తప్పుకో తల్లీ, వానొస్తోంది."

మంటలు అనగానే నాంచారికి ఉడుతలు గుర్తొచ్చాయి. తోకలకి నిప్పంటుకుని పరిగెడుతున్నట్టే అనిపించింది. ఎలాగైనా ఆటో ఆపాలి. ఆపి ఏం చెయ్యాలో తెలీదు, కానీ ఆపాలి.

మొదట ఇంట్లోకి పరిగెత్తి చెంబెడు మజ్జిగ తెచ్చింది. అందులో గుప్పెడు పచ్చిమిరపకాయలు దంచి వేసింది. మంటెక్కి, మంచినీళ్ళడిగి, అరుగు మీద చతికిలపడతాడని దాని ఆశ. మీరా సాహెబు ఎత్తిన చెంబు దించకుండా తాగేశాడు. మూతి తుడుచుకుని, "అబ్బ! ఇంకొంచెం ఉందా? మా ఇంట్లో ఇంత కారం పడనివ్వరు," అన్నాడు.

అప్పుడు నాంచారి ఆటో వెనక్కి పోయింది. చక్రానికి పట్టుదారం పేటలు పేటలుగా చుట్టి, అరుగు స్తంభానికి బిగించి, తెగిన పోగుని అతికేటప్పుడు వేసే ముడి వేసింది. ఆ ముడి లాగినకొద్దీ బిగుస్తుంది. ఆటో గుర్రుమంది, ఊగింది, కదల్లేదు. మీరా సాహెబు దిగి వంగి చూశాడు. బొటనవేలి గోరుతో ఒక్క తోపు తోస్తే ముడి ఊడిపోయింది. "చిన్నప్పుడు నేనూ మగ్గం నేసినవాణ్ణేనే బొంగరం," అని నవ్వాడు.

ఆ తర్వాత ఇక దాచుకున్న ఉపాయమంటూ లేదు. నాంచారి ఒక్క గెంతు గెంతి ఆటో ఎక్కేసింది. అక్కల మధ్య ఇరుక్కుని, పెద్దక్కని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది.

"దిగవే."

"దిగను. నన్నూ తూకానికి వేసేయ్ మావా."

"నిన్ను ఏ కుప్పలో వెయ్యనే? రాగివా, ఇనుమువా?"

"అది పట్నం వాళ్ళు చూసుకుంటారులే. పోనీ!"

"సరే, నాలుగో అక్క కూడా ఉందని లారీవాడికి చెబుతా," అని మీరా సాహెబు బండి పోనిచ్చాడు. చెరువు గట్టు దాకా వెళ్ళేసరికి బెదిరి దిగిపోతుందని అతని ధీమా.

గట్టు దాటింది. నాంచారి దిగలేదు. చినుకులు మొదలయ్యాయి. మెరుపు మెరిసినప్పుడల్లా దాని కాళ్ళు టకటకా ఆడుతున్నాయి. కాళ్ళ మీదున్న పెద్దక్క కూడా టకటకా ఆడుతోంది. అప్పుడు రోడ్డు మీద పెద్ద గొయ్యి వచ్చింది. ఆటో ఎగిరిపడింది. పెద్దక్క లోపల ఏదో గలగలమంది.

నాంచారి చెవి ఆనించింది. కాలు ఆడించింది. గలగల. గట్టిగా ఊపింది. గలగలగల. అప్పుడు ఆ సన్నటి నోట్లోంచి ఏదో జారి దాని ఒళ్ళో పడింది. తీసి చూస్తే, పసుపు పూసిన బియ్యపుగింజ.

ఏంటో చెప్పుకో చిట్టీ? అక్షింతలు!

నాంచారికి కడుపులోంచి నవ్వొచ్చింది, కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. భావనారాయణ గారు దసరాకి మగ్గం నెత్తిన అక్షింతలు వేసేవాడు. అక్కల దగ్గరికొచ్చేసరికి, పాపం, వీటికి నోరుంది కదా అని చక్కగా నోట్లోనే పెట్టేవాడు! జబ్బు పడ్డాక ఇంకో పిడికెడు. తగ్గలేదని ఇంకో పిడికెడు.

"మావా, ఆపు! ఇవి చావలేదు మావా! పీకలదాకా తిని నోరు మెదపలేకపోతున్నాయి!"

మీరా సాహెబు ఆపి, ఆ గింజని అరచేతిలో వేసుకుని చూశాడు. పెద్దరోడ్డు వైపు చూశాడు. నాంచారి వైపు చూశాడు. దాని కాళ్ళు ఆటోనే ఊపేస్తున్నాయి. "లారీవాడికి మాటిచ్చానే," అన్నాడు. ఆ తర్వాత, "పాత ఫ్యాన్లు ఇస్తాలే వాడికి," అని బండి వెనక్కి తిప్పాడు.

వాన కుండపోతగా పడుతుంటే ముగ్గురక్కలూ గోనెపట్టాల కింద ఇల్లు చేరాయి. సంఘం గది తలుపులు మళ్ళీ తీశారు. భావనారాయణ గారు సంగతంతా విని నోరు తెరిచాడు.

"నేను పెట్టిన అక్షింతలా? మంచి బియ్యమేనే! సన్నబియ్యం!"

"అందుకే వదల్లేకపోతున్నాయి పెదనాన్నా," అంది నాంచారి.

అప్పుడు జడముడిలోంచి కొక్కెం తీసింది. ఆ నోట్లో ఒక్కో గింజా పట్టుకుని లాగాలి. చెయ్యి వణికితే లోపల ఏదైనా తెగుతుంది. ఇక దారాల్లా నాలుగు లాగి వీధి చివరికి వెళ్ళొస్తానంటే కుదరదు. కబురు విని వచ్చిన అమ్మ, ఫ్లాపీని ఒళ్ళో పెట్టుకుని, మసక కళ్ళతో గోడవారగా కూర్చుని ఉంది. నాంచారి అమ్మ వైపు చూసింది. ఆ తర్వాత మఠం వేసుకుని కూర్చుంది. కాళ్ళు ఆగాయి. చేతులు ఆగాయి. బొంగరం ఆగింది. వీధిలో వాళ్ళంతా వానని కూడా లెక్కచేయకుండా ఆ వింత చూడ్డానికే వచ్చారట!

ముందు పెద్దక్క నోరు బాగుచేసింది. కరెంటు తీగ పెడితే వెలగలేదు, ఉలకలేదు. బియ్యం కోసం దూరిన ఎలుక లోపల తీగలు కొరికేసింది.

తర్వాత నడిపక్క. మొహం వెలిగింది, ఒక్క మూలుగు మూలిగింది, నల్లబడిపోయింది.

ఇక మిగిలింది చిన్నక్కే. నాంచారి గింజలు లాగుతూనే ఉంది. పైన రేకుల మీద వాన దడదడలాడుతోంది. గాజు వెలిగింది. పేరిందేవి తడుముకుంటూ వచ్చి తన చేత్తో తనే ఫ్లాపీ పెట్టింది. చిన్నక్క మింగింది. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. నాంచారి కుడికాలు మెల్లగా కదలబోయింది. అప్పుడు...

కర్. కర్‌కర్. కర్‌కర్‌కర్.

గాజు మీద ఒక పచ్చటి తోక మొలిచింది. తోక వెనక ఉడుత. ఉడుత వెనక ఇంకో ఉడుత. వరసగా పరిగెత్తుకొచ్చేశాయి.

పేరిందేవి ముక్కు గాజుకి ఆనేంత దగ్గరగా వంగింది. అందరూ ఆవిడ ఏడుస్తుందనుకున్నారు. ఆవిడ వేలు పెట్టి చూపిస్తూ, "చూశావా, ఆ మూడోదాని తోక పొట్టిగా వచ్చింది. అప్పుడే సరిచెయ్యాలనుకున్నా. నువ్వు తన్నిన తన్నుకి చెయ్యి జారిందే!" అంది.

"సరిచెయ్యమంటావా అమ్మా?"

పేరిందేవి చాలాసేపు చూసింది. తోక చూసింది. పక్కకి తిరిగి, మబ్బులోంచి చూసినట్టు కూతురి మొహం చూసింది.

"వద్దు," అంది. "అది నువ్వే."

ఆ తర్వాత కొత్త అట్టలకి చిల్లులు కొట్టారు. మగ్గాల మీదికి ఉడుతలు మళ్ళీ దిగాయి. పెద్దక్కనీ నడిపక్కనీ ఎవరూ పారెయ్యలేదు. చిన్నక్కకి ఏ నొప్పి వచ్చినా వాటిలోంచే ఏదో ఒకటి తీసి అతికేవాళ్ళు. మీరా సాహెబు ఇప్పటికీ, ఏ ఊళ్ళో పాత కంప్యూటర్ కొన్నా, ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. ప్రాణముందనిపిస్తే లారీకి ఎక్కించడు, తిన్నగా నాంచారి దగ్గరికే తెస్తాడు. భావనారాయణ గారు మాత్రం దసరా వచ్చిందంటే పిడికిలి బిగించుకుని గది గుమ్మంలో తచ్చాడుతాడు. "దండం చాలు పెదనాన్నా, దండం!" అని నాంచారి లోపల్నించి కేకేస్తుంది.

నమ్మడం లేదూ? ఈ చీర ఆ ఊరిదే. అంచు ఇటు పట్టుకో. కళ్ళు మూసుకుని వేలితో తడుము. ఒక ఉడుత. రెండో ఉడుత. మూడో ఉడుత... ఆ, తోక ఎలా ఉంది?

పొట్టిగా ఉందా? అదే మరి.

అరె, కాళ్ళు ఎప్పుడు ఆగాయే నీకు!

కథేమో కంచికి,
ఉడుతేమో అంచుకి,
నిద్రేమో కంటికి,
మనమేమో ఇంటికి!