మంత్రిగారి కలకండ

పక్క మీద నుంచి లేవకుండానే సముద్రం కనబడాలని మొగలిదీవి రాజు విరూపరాజుగారికి ఒకనాడు పొద్దున్నే బుద్ధి పుట్టింది. కోటకీ కడలికీ మధ్య ఇసుక దిబ్బ, దాని నిండా మొగలి పొదలు. రాజుగారి చూపుకే అడ్డం నిలబడ్డాయంటే ఎంత పొగరు వాటికి!

మంత్రి మార్తాండయ్య ఆలస్యం చేస్తాడా? దిబ్బకి ఒక పక్క పొదలన్నీ మచ్చుకి నరికించి మరీ సభకి వచ్చాడు.

"మిగతావి రేపు కొట్టించేస్తాను ప్రభూ!"

వంటశాల పెత్తనం చూసే సూరాంబ కూడా ఆ సభలోనే ఉంది. దిబ్బ వెనకున్న రేవుపాలెం ఆమె పుట్టినూరు. ఆ పొదలు ఇసుకని పట్టి ఉంచబట్టే ఊళ్లో మంచినీళ్ల బావులు పూడిపోకుండా ఉన్నాయి. మనసులో నూకాలమ్మ తల్లికి దండం పెట్టుకుని మెల్లగా నోరు విప్పింది.

"పొదలు పోతే ఇసుక ఎగురుతుందేమో ప్రభూ?"

"ఎగరడానికి అదేమన్నా పిచ్చుకా?" మార్తాండయ్య పకపకా నవ్వాడు. "ఒక్క రేణువు కదలదు, పూచీ నాది. నువ్వు గరిటె సంగతి చూసుకో చాలు."

"నిజమే లెండి. తమరు వద్దన్నాక గాలికి మాత్రం వీచే ధైర్యం ఉంటుందా?" అని సూరాంబ రాజుగారి వైపు తిరిగింది. "కార్తీకమాసం కదా ప్రభూ, రేపు వనభోజనాలు అక్కడే పెట్టుకుందాం. వనాన్ని మంత్రిగారు కొట్టించేశారు. భోజనం నేను పెడతాను."

రాజుగారికి ముచ్చటేసింది. "సరే! మిగతా పొదల సంగతి తిన్నాక చూద్దాం."

మర్నాడు బోడిదిబ్బ మీద విస్తళ్లు వేశారు. మిట్టమధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైంది. రాజుగారు పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కరుక్కుమంది.

"ఏమిటిది?"

సూరాంబ మంత్రి వైపు చూసింది.

"జీ... జీలకర్ర ప్రభూ!" అన్నాడు మార్తాండయ్య.

"మంత్రిగారికి నచ్చినట్టుంది. ఇంకో రెండు గరిటెలు వెయ్యండర్రా!" అంది సూరాంబ.

పులిహోర కరకరలాడింది.

"ఆవాలు ప్రభూ!"

"ఆవాలంటే ఆయనకి ప్రాణం. మారు వడ్డించండి!"

మార్తాండయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగలేడు. ఉమ్మితే పూచీ పోతుంది. ఇంతలో పరమాన్నం వచ్చింది.

"ఆహా, కలకండ!" అంటూ కొరికాడు. పటుక్కున పన్ను విరిగింది.

"ఇసుక! విస్తరి నిండా ఇసుకే ప్రభూ!"

సూరాంబ నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది.

"అంత మాట అనకండి మంత్రిగారూ! ఒక్క రేణువు కదలదని పూచీ ఇచ్చిన పెద్దమనిషి వింటే బాధపడతారు."

బంతి బంతంతా ఘొల్లుమంది. రాజుగారు నవ్వీ నవ్వీ నోరు పుక్కిలించుకున్నారు.

"ఒక పక్క కొడితేనే నా విస్తరి పూడింది. మొత్తం కొడితే?"

"రేవుపాలెం బావులు పూడతాయి ప్రభూ. ఇక వాళ్లు మంత్రిగారి పూచీ తాగి బతకాలి."

రాజుగారు మెళ్లో ముత్యాలహారం తీసి సూరాంబ చేతిలో పెట్టారు.

"ఈ దిబ్బ మీద ఇక కత్తి పడకూడదు. నరికిన చోట మార్తాండయ్యే మొగలి నాటాలి. అవి ఆయన తల దాటి ఎదిగేదాకా ఆయన మధ్యాహ్న భోజనం ఇక్కడే!"

సూరాంబ వినయంగా చేతులు జోడించింది.

"పరమాన్నం రోజూ నేనే పంపిస్తాను ప్రభూ. కలకండ ఎలాగూ ఇక్కడే దొరుకుతుంది."