మబ్బుల దారిలో కొండబండి

పూర్వం మబ్బులు చక్రాలకు చుట్టుకునే ఒక కొండదారిలో జమీందారుగారి బండి బురదలో దిగబడింది. తాతగారు కొండెక్కినప్పుడు బండిలో ఏమేం పెట్టుకెళ్లారో అవన్నీ పెట్టుకెళ్లడం ఆ ఇంటి ఆచారం.

"పొద్దుగూకేలోగా శిఖరం చేర్చకపోతే నీ ఎడ్లు దివాణానివే!" అని బండిలో జమీందారు పక్కన కూర్చున్న దివాను గుడ్లురిమాడు. "ఒక్క వస్తువు దింపావో, చూసుకో. అన్నీ అవసరమైనవే!"

బండి తోలే అప్పలకొండ రొప్పుతున్న ఎడ్ల గంగడోళ్లు నిమిరాడు. పాలనురుగులాంటి మంచులో అవి తేలిపోతున్నట్టు ఒక్క క్షణం కలగన్నాడు.

"అవసరమైనవి పారేయమనను బాబూ. అవసరమన్నవారు మోస్తే చాలు."

"న్యాయమే," అన్నారు జమీందారు.

అప్పలకొండ గంధపుసాన తెచ్చి దివాను నెత్తిన పెట్టబోయాడు.

"ఛీ! కొండమీద గంధమెందుకురా?"

"మరి నగారా?"

"ఎవరు వినాలి? దింపెయ్!"

గంగాళం, పట్టెమంచం కూడా గట్టుకు చేరాయి. అయినా చక్రం కదల్లేదు. అప్పలకొండ బండిలో ఇంకా కూర్చునే ఉన్న దివానుకేసి చూశాడు.

"ఒరేయ్, దివాను మాకు అవసరంరా," అన్నారు జమీందారు.

"చిత్తం. తమరే ఎత్తుకోండి బాబూ."

జమీందారు నోరు తెరిచేలోపే దివాను బురదలోకి దూకాడు. బండి మబ్బుల్లో పడవలా సాగిపోయింది.