వీర్రాజు కారులో రోలు

తేనెకొండ అడవిలో జంతువులు కార్లు నడుపుతాయి. అడవిలో కార్లేంటని మొహం అలా పెట్టకండి. నక్క మాట్లాడిందంటే నోరు తెరుచుకుని వింటారు గదా, అది స్టీరింగు పట్టుకుందంటే మాత్రం అనుమానమొచ్చిందా? వినేవాళ్ళు వినండి, విననివాళ్ళు లేచెళ్ళండి. నేను మాత్రం చెప్పేది ఆపను.

కొండ కింద ఓ కార్ల స్టాండు. కొండ మీద గురువారం గురువారం సంత. మధ్యలో ఘాట్ రోడ్డు, వంపు మీద వంపు. అంత ఎత్తు నడవలేని కుందేళ్ళకీ కోళ్ళకీ ఉడుతలకీ గాడిద వీర్రాజు తెల్ల సెడానే దిక్కు. వీర్రాజు ఎవర్నీ కసరడు, ఎవర్నీ కాదనడు. ముసలి ప్రాణి కనిపిస్తే తానే దిగి తలుపు తీస్తాడు.

ఒక్కటే జబ్బు. కారు ఖాళీగా కనిపిస్తే అతనికి మనసు మనసులో ఉండదు. సీట్ల మీద పరుపులు, పరుపుల మీద దిండ్లు, కింద మూడు వరసల పట్టాలు, కిటికీలకి తెరలు, తెరలకి కుచ్చులు. దిష్టి తగలకుండా నిమ్మకాయల దండలైతే ముందొకటి, వెనకొకటి. ఇక డిక్కీలో రెండు స్టెప్నీలు, ఓ ఇనప్పెట్టె, నీళ్ళ డ్రమ్ము, వీటన్నిటి వెనకాల వాళ్ళమ్మ జన్మంతా వీపు మీద మోసిన రాతి రోలు.

"రోలెందుకయ్యా కారులో?" అని కుందేలు సుందరమ్మ అడిగిందోసారి.

"వెనకాల బరువుంటేనే కదండీ బండి నేలని పట్టుకునేది! లేకపోతే గాలికి లేచిపోద్ది. అయినా మా వంశంలో మూట లేకుండా నడిచినోడు లేడండీ," అన్నాడు వీర్రాజు గర్వంగా.

"గాలి సంగతి దేవుడెరుగు, ముందు కొండెక్కించు నాయనా. పోయిన వారం నత్త ఒకటి మనల్ని దాటిపోతూ కుశలం అడిగింది."

కార్లో అందరూ నవ్వారు. వీర్రాజు కూడా నవ్వాడు. నవ్వి, మర్నాడు ఇంకో దిండు తెచ్చి పెట్టాడు.

ఇలా సాగుతుండగా అడవిపంది వరహాలరాజు ఎర్ర సెడాను వేసుకుని స్టాండులోకి దిగాడు. కారు దిగకుండానే కోర తిప్పుకుంటూ, "ఏరా గాడిదా, రేపట్నించీ స్టాండు నాది. అలవాటు పడు," అన్నాడు.

"అదేంటండీ రాజుగారూ! మరి ఈ చిన్నప్రాణులు?"

"కోళ్ళూ కుందేళ్ళూ ఎక్కితే నా సీట్ల మీద ఈకలూ బొచ్చూ ఎవడు దులుపుతాడు? వాళ్ళని నడవమను. కాదంటావా, పందెం కాయి. బుధవారం సాయంత్రం. ఇక్కణ్ణుంచి సంత గేటు దాకా. ముందెవడు చేరితే స్టాండు వాడిది. ఓడినోడు మళ్ళీ ఇక్కడ కారు పెట్టకూడదు."

చుట్టూ అందరూ చూస్తున్నారాయె. వీర్రాజు సరేనని తలూపేశాడు. గాడిద కదా, ఊపేసిన తర్వాతే ఆలోచన. రాజుగారు వెళ్ళిపోయాక గానీ సంగతి తలకెక్కలేదు. ఓడిపోతే కారుండీ దండగే, మళ్ళీ వీపు మీద మూటలే. కోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని కొండెక్కలేవు.

ఇక్కడ నక్క రావాలి గదా, వచ్చాడు. పేరు జంబులింగం. స్టాండు పక్కనే తాటాకుల షెడ్డులో కార్ల సామాన్ల కొట్టు. పందెం మాట చెవినపడగానే తోక సర్దుకుని రాజుగారి గుమ్మంలో వాలాడు.

"రాజుగారూ, మీ హోదాకి ఒక్క ఇంజనేంటండీ? ముందొకటుంది, వెనకాల ఇంకోటి పెడదాం. గేదెల మంద లాగినట్టు లాగుద్ది."

"పెట్టేయ్!"

పెట్టేశాడు. మర్నాడు మళ్ళీ గుమ్మంలో ఉన్నాడు. "రెండింజన్లకీ పెట్రోలు చాలదండీ. పెద్ద ట్యాంకు కావాలి."

"పెట్టేయ్!"

"ట్యాంకు బరువుకి చక్రాలు ఒరుగుతున్నాయండీ. లారీ చక్రాలు వేద్దాం. లారీ చక్రాలకి ఇనప కమ్మీలు, కమ్మీలకి..."

సన్యాసి గోచీ కోసం పిల్లినీ, పిల్లి కోసం ఆవునీ పెంచాడని సామెత చెప్పుకుంటాం కదా, రాజుగారి కారు అచ్చం అలాగే పెరిగింది. పైగా ఆయనకదే సంబరం. చప్పుడు వింటే గుండెలదిరేవి. "నెగ్గాక నువ్వే స్టాండు మేస్త్రీవి జంబులింగం!" అని మాటిచ్చేశాడు.

వీర్రాజు కూడా వెళ్ళాడు నక్క దగ్గరికి. "నాకూ ఓ ఇంజను ఇప్పించు బాబూ," అని బతిమాలాడు.

"అయిపోయాయి వీర్రాజూ. నీకెందుకొచ్చిన పందెం చెప్పు? హాయిగా మూటలు మోసుకో," అని పళ్ళికిలించాడు జంబులింగం.

అలా అన్నాడే గానీ, నక్క మనసులో ఓ పురుగు తొలుస్తూనే ఉంది. రాజుగారి కారుని మొదటి వంపు దాకా నడిపి చూశాడు లెండి. తిన్నటి రోడ్డు మీద పిడుగే. వంపు దగ్గర మాత్రం బ్రేకు తొక్కితే కారు ఆలోచించి ఆలోచించి ఆగింది. దాంతో, ఎందుకైనా మంచిదని, ఆకుల చిట్టెమ్మ అనే మేక ఇంటికి వెళ్ళాడు. చిట్టెమ్మకి పిల్లలు, పిల్లలకి పిల్లలు. అది ఇల్లు కాదు, మంద.

"చిట్టెమ్మ చెల్లీ, శుభవార్త! వీర్రాజు కారుకి కొత్త సీట్లు వేయిస్తున్నాడు. పాతవి పారేయడం కంటే చిట్టెమ్మ పిల్లలు తింటే పుణ్యమన్నాడు. బుధవారం మధ్యాహ్నం వచ్చి పీచు కూడా మిగల్చకుండా తినేయండి. ఆ పని బాగా చేశారంటే మర్నాడు మా కంది చేను మీదే."

"దేవుడు చల్లగా చూడాలి అన్నయ్యా, మీ ఇద్దర్నీ!" అంది చిట్టెమ్మ. అమాయకురాలు. మేకకి తిండి మాట చెబితే ఇంక వెనకాముందూ ఉంటుందా?

బుధవారం మధ్యాహ్నం వీర్రాజు భయం పోగొట్టుకోవడానికి బూడిదగుట్టలో పొర్లడానికి వెళ్ళాడు. గాడిదలకి అదో ధైర్యం. తిరిగొచ్చి కారు చూసుకుని అక్కడే కూలబడ్డాడు. పరుపుల్లేవు, దిండ్లు లేవు, సీట్లు లేవు. పట్టాలు, తెరలు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, ఆఖరికి నిమ్మకాయల దండలు కూడా లేవు. ఉత్త రేకు మిగిలింది.

అప్పుడే చిట్టెమ్మ మూతి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "కడుపు నిండిందన్నయ్యా! ఆ సీట్లలో కొబ్బరిపీచుంది చూడు, అబ్బబ్బ, ఏం కమ్మదనం! నువ్వు చల్లగా ఉండాలి."

"ఎవరు తినమన్నారే నిన్ను?" అని వీర్రాజు ఓండ్రపెట్టాడు.

"నువ్వేనటగా! జంబులింగం అన్నయ్య చెప్పాడు."

విషయం అర్థమైంది. వీర్రాజుకి ఏడుపొచ్చింది, దాచుకోకుండా ఏడ్చేశాడు కూడా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. చిట్టెమ్మ లెంపలేసుకుంది. సుందరమ్మ పరిగెత్తుకొచ్చి అతని వీపు నిమిరింది.

"ఇంకేం పందెమమ్మా! పోయి ఓడిపోయానని చెప్పొస్తాను," అంటూ వీర్రాజు కారులో పీట వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని రోజూ తొక్కినట్టే యాక్సిలరేటరు తొక్కాడు.

కారు చెంగున దూకింది. ఎంత దూకిందంటే, అతను బ్రేకు వెతుక్కునేసరికి స్టాండు దాటిపోయింది. బ్రేకు తొక్కితే ఠక్కున ఆగింది. వీర్రాజు రెండు చెవులూ నిక్కబొడుచుకున్నాయి. వెనక్కి తిప్పాడు. చెప్పినట్టే తిరిగింది.

"అమ్మా సుందరమ్మా! ఇంజను మార్చలేదే! అదే ఇంజను!"

"ఇంజను పాపం ఎప్పుడూ బాగానే ఉంది నాయనా. నీ పరుపులు మోయలేక మూలిగేది," అంది సుందరమ్మ.

వీర్రాజు డిక్కీ తెరిచాడు. స్టెప్నీలు దించాడు. ఇనప్పెట్టె, డ్రమ్ము దించాడు. రోలు దగ్గరకొచ్చేసరికి చేతులాడలేదు. వాటేసుకుని నిలబడిపోయాడు.

"మా అమ్మ మోసింది చిట్టెమ్మా ఇది."

"మోసింది గానీ పరిగెత్తలేదుగా అన్నయ్యా," అంది చిట్టెమ్మ మెల్లిగా. "దించు. నేను కాపలా ఉంటా. దీన్ని మాత్రం నేను తినలేను, ఒట్టు."

ఏడుస్తూనే ఫక్కున నవ్వాడు వీర్రాజు. రోలు దించాడు. కారు వెనక భాగం జానెడు పైకి లేచింది.

సాయంత్రం సుందరమ్మ చెవి ఎత్తి దించింది, పందెం మొదలైంది. రాజుగారి కారు గర్జించింది చూడండీ, కొండ మీద పిట్టలన్నీ లేచిపోయాయి. పక్క సీట్లో కూర్చున్న జంబులింగం వెనక్కి తిరిగి టాటా చెప్పాడు. ఎర్ర కారు అంత దూరం పోయింది.

వంపొచ్చింది. ఎర్ర కారు మూలుగుతూ, రోడ్డంతా ఆక్రమించుకుంటూ నిదానంగా తిరిగేసరికి తెల్ల కారు దాని తోకని పట్టుకుంది. మళ్ళీ తిన్నటి రోడ్డు, మళ్ళీ ఎర్ర కారు ముందుకి. మళ్ళీ వంపు, మళ్ళీ వీర్రాజు వెనకాలే, పీట మీద ఎగిరెగిరి పడుతూ!

"ఎక్కడిదిరా వీడికి ఈ ఊపు? ఏ ఇంజను అమ్మావురా?" అని అరిచాడు రాజుగారు.

"నేనేం అమ్మలేదండీ! ఉన్నవి కూడా తినిపించేశాను!"

రాజుగారికి రోషం పుట్టింది. ఆఖరి వంపు దగ్గర బ్రేకు మాట మరిచి రెండింజన్లూ తొక్కిపట్టాడు. గుర్తొచ్చి బ్రేకు తొక్కేసరికి ఆలస్యమైపోయింది. రోడ్డు కుడికి తిరిగింది, అంత బరువున్న కారు తిరుగుతుందా? తిన్నగా పోయి పక్కనున్న బురదగుంటలో దభీమని కూర్చుంది. జంబులింగం కిటికీలోంచి దూకి, బురద తోకతో కొండ దిగి పారిపోయాడు.

వీర్రాజు కారు ఆపి తల బయట పెట్టాడు. "రాజుగారూ, దెబ్బలేం తగల్లేదు గదండీ?"

బురదలోంచి ఓ నిట్టూర్పు వచ్చింది. రాజుగారు తలుపు తీసుకుని, బురదలో వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకున్నాడు. "ఆహా... చల్లగా ఉందిరా వీర్రాజూ. ఎన్నాళ్ళయిందో! పో, నువ్వు పో. నన్ను లేపకు." పందికేం తెలుసు పన్నీరు వాసనంటారు గానీ, బురద సుఖం పందికి తెలిసినట్టు మనకి తెలుసా?

వీర్రాజు సంత గేటు దాటి ఓండ్రపెట్టిన కేక కొండ కిందికి వినిపించింది. స్టాండులో కోళ్ళు రెక్కలు కొట్టుకుని ఎగిరాయి, ఉడుతలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గిరగిరా తిరిగాయి.

గురువారం పొద్దున్నే చిట్టెమ్మ సకుటుంబంగా నక్క షెడ్డు ముందు నిలబడింది. "చెప్పిన పని పీచు మిగల్చకుండా చేశాం. కంది చేనెక్కడన్నయ్యా?"

"చేనా? ఏ చేను?" అని జంబులింగం నీళ్ళు నమిలాడు.

చిట్టెమ్మ పైకి చూసింది. తాటాకు కప్పు. పిల్లల వైపు చూసింది. అంతే, సంతకెళ్ళే వేళకి షెడ్డుకి కప్పు లేదు, అట్టపెట్టెల్లేవు. నక్క ఎండలో మిగిలాడు.

కొత్త తాటాకులు కొనాలంటే సంతకే వెళ్ళాలి. జంబులింగం అమ్ముడుపోని ఇనప సామాన్లన్నీ గోతానికెత్తుకుని, ఈడ్చుకుంటూ స్టాండుకొచ్చాడు. అక్కడ దించిన రోట్లో సుందరమ్మ పచ్చడి నూరుతోంది. తెల్ల కారులో చాపలు పరుచుకుని కోళ్ళూ పిల్లలూ కిలకిలలాడుతున్నాయి.

"వీర్రాజూ, బాబూ, నన్నూ ఎక్కించుకో."

జన్మలో ఏ మూటనీ కాదనని వీర్రాజు, నక్కనీ గోతాన్నీ ఎగాదిగా చూసి, నవ్వుతూ తలుపు తీశాడు.

"ఎక్కు జంబులింగం, ఎక్కు. ఆ గోతం మాత్రం దించి ఎక్కు."

బలం కొనుక్కునే ముందు బరువు దించుకో.