సున్నపు ఎండ్రకాయ

పొరుగింటివాడికి ఫలానా జబ్బని తెలియగానే పెదవి విరిచి, "ఇంకేముంది, వాడి పని అయిపోయింది" అనేవాడా, నీకే చెబుతున్నాను. ఎదుటివాడి చావుకు ముహూర్తం పెట్టే అధికారం నీకెవరిచ్చారు? ఆ నోరు కాసేపు మూసుకుని విను. ఇది నీలాంటివాడి కథే. నీకంటే వాడి మీసం పెద్దది, అంతే తేడా.

ఒక రాజ్యంలో గండాల ఇల్లు ఉండేది. పాము కరిచినవాళ్ళు, పురిటి గండంలో ఉన్నవాళ్ళు, ప్రాణం గొంతులోకి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, అక్కడికే మోసుకొచ్చేవారు. లోపలికి రాగానే గోడ గూటిలో వాళ్ళ పేరిట ఒక ప్రమిద వెలిగేది. ప్రమిద వెలిగినంతసేపూ మనిషికి ఊపిరి అందేది. రోగుల మధ్య తిరిగేవాళ్ళకూ రక్ష ఉండాలని, కొలువువాళ్ళకు కూడా అదే గూళ్ళ వరసలో తలా ఒక ప్రమిద పెట్టారు.

అన్నిటికీ నూనె పోసేవాడు దీపాలవాడు. వాడికొక పద్ధతి ఉంది. ఒంట్లో ఎండ్రకాయ చేరి లోలోపల కొరుక్కు తినే రోగం ఒకటుంది కదా, ఆ రోగుల ప్రమిద మీద సున్నంతో ఎండ్రకాయ బొమ్మ గీసేవాడు. గుర్తు లేని ప్రమిదకు నిండు గరిటె, గుర్తున్నదానికి అర గరిటె. ఎలాగూ ఆరిపోయే దీపానికి ఆముదం దండగని వాడి నమ్మకం. మిగిలిన అర గరిటె పారబొయ్యడం పాపం కదా, అందుకని మీసానికి రాసుకునేవాడు.

దీపం ఆరితే మోతగాళ్ళు వచ్చి మనిషిని దొడ్డిదారిన బయటికి మోసుకుపోవాలి. దోవలో కొందరు మూలిగి, ఇంకాస్త నూనె పొయ్యండని అడిగేవారు. మోతగాళ్ళు జంకేవారు. అది మాట కాదని, ఒట్టి గాలి చప్పుడని, దీపం ఆరినవాడి మాట వింటే కొలువే నడవదని వాళ్ళకు నేర్పింది దీపాలవాడే. వాళ్ళు బుద్ధిగా నేర్చుకున్నారు.

ఒకనాడు వైద్యుడు వాణ్ణి పిలిచి మందలించాడు. ఇదివరకటి ఎండ్రకాయ వేరు, ఇప్పుడు దాని కొండి విప్పే మందులు వచ్చాయి, ఏటి అవతలి గండాల ఇంట్లో ఏటికేడు ఎక్కువమంది నడిచి ఇంటికి పోతున్నారు, నిండుగా పొయ్యి అని చెప్పాడు.

దీపాలవాడు మీసం దువ్వుకున్నాడు. "అయ్యగారూ, మీరు గ్రంథాలు చూశారు. నేను దీపాలు చూశాను. సున్నం గుర్తున్న దీపం ఒక్కటి నిలిస్తే చూపించండి."

వైద్యుడు గూళ్ళ వంక చూశాడు. నిజమే, ఒక్కటీ నిలవలేదు.

ఆ మర్నాడే ఒక అవ్వను తెచ్చారు. ఎండ్రకాయ రోగమే. ఊపిరి అందక ఎగపోస్తోంది గానీ బొడ్లో తాంబూలపు సంచి మాత్రం వదల్లేదు. ఇంటి దగ్గర ఆమె ఆవు నిండు చూలుతో ఉంది. అది వేరే చెయ్యి తగలనివ్వదు. దూడను చూడకుండా పోయేది లేదని అవ్వ వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది.

దీపాలవాడు ఆమె ప్రమిద మీద బొమ్మ గీసి అర గరిటె పోశాడు.

"నాయనా, నూనె పోశావా, దిష్టి తీశావా?" అంది అవ్వ.

"ఎండ్రకాయ పట్టినదానివి, నీకు ఇదే ఎక్కువ అవ్వా."

"నీ మీసానికి ఏ గుర్తూ పెట్టుకోనట్టున్నావు. నిండుగా తాగింది."

వాడు వినిపించుకోలేదు. ఊపిరాడనివాళ్ళ ఎకసెక్కాలకు ఎవరు జవాబిస్తారు?

మధ్యాహ్నం వాడు పనసపొట్టు కూరతో భోంచేసి కునుకు తీశాడు. అవ్వ గోడ పట్టుకుని లేచింది. తన ప్రమిద మీది బొమ్మను కొంగుతో తుడిచేసింది. సంచిలోంచి సున్నపుకాయ తీసి, తమలపాకు తొడిమతో పక్క గూటి ప్రమిద మీద ఎండ్రకాయను గీసింది. కాళ్ళు కూడా లెక్క తప్పకుండా గీసింది. ఆ ప్రమిద దీపాలవాడిదే.

తప్పే. కాదని నేననను. కానీ ఊపిరి అందనివాళ్ళకు ధర్మం చెప్పేవాడు ముందు ఒక గరిటె నూనె పొయ్యాలి.

దీపాలవాడు లేచాడు. ముఖాలు చూసే అలవాటు వాడికి ఏనాడూ లేదు, గుర్తే చూస్తాడు. అవ్వ ప్రమిదకు నిండు గరిటె, తన ప్రమిదకు అర గరిటె పోసి, మిగిలింది మీసానికి పట్టించి తృప్తిగా కూర్చున్నాడు. కాసేపటికి ఆయాసం మొదలైంది. పనసపొట్టు పడలేదనుకున్నాడు. మళ్ళీ నూనె వేళకు తూలుకుంటూ వచ్చి, మళ్ళీ తన ప్రమిదకు అర గరిటే పోశాడు. వాడి చెయ్యి అంత నిక్కచ్చి.

పొద్దు వాలకముందే ఆ దీపం చిటపటమని ఆరిపోయింది. వాడు నేలకు ఒరిగాడు. మోతగాళ్ళు వచ్చి ఎత్తుకున్నారు.

"ఒరే, నేనురా. బతికే ఉన్నాను. ఒక్క గరిటె నూనె పొయ్యండ్రా."

ముందువాడు వెనకవాడితో అన్నాడు, "ఇవాళ గాలి గట్టిగానే ఉందిరా."

"ఉండనీ, మనం దాన్ని వినకూడదు."

దొడ్డితలుపు దాకా వెళ్ళారు. అప్పుడు అవ్వ ఆగమంది. ఆమె దీపం నిండుగా వెలుగుతోంది కాబట్టి ఆమెది మాటే అయింది, వాళ్ళు ఆగారు. దాచిన నూనె ఎక్కడుందో తనకు తెలుసని చెప్పి, అవ్వ తన అడకత్తెర అందించింది. మోతగాళ్ళు దాంతో వాడి మీసం కత్తిరించి ప్రమిదలో పిండారు. ఎన్నాళ్ళ ఆముదమో, నిండు గరిటెకు పైగా కారింది. దీపం వెలిగింది. వాడికి ఊపిరి తిరిగింది.

వైద్యుడు వచ్చి ఆ ప్రమిద మీదికి వంగి చూశాడు. "సున్నం గుర్తున్న దీపం నిలిచిందే. ఎలా?"

దీపాలవాడు బోడి పైపెదవి చేత్తో కప్పుకున్నాడు. "నిండుగా పోశారు, అయ్యగారూ."

గూళ్ళన్నిటి మీదా ఎండ్రకాయలు తుడిచేశారు. అందరూ నిలవలేదు, అబద్ధమెందుకు. నిలిచినవాళ్ళు మాత్రం ఏటికేడు పెరిగారు. అవ్వ ముందు గుమ్మంలోంచి నడిచి దూడ దగ్గరికి పోయింది.

దీపాలవాడికి మీసం మళ్ళీ మొలిచింది గానీ మాట మొలవలేదు. ఒకసారి దీపం ఆరినవాడు కదా. ఈనాటికీ వాడు నోరు తెరిస్తే చాలు, ఆ గాలికి ఎక్కడ దీపాలు కొండెక్కుతాయోనని, మోతగాళ్ళు లేచి కిటికీ మూస్తారు.