తెల్లరాయి దగ్గర లాగిన కర్ర

అనగనగా ఒక అడవి. ఆ అడవి చదునుగా ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు పిల్లలూ. అడవంతా ఒక కొండవాలు. పనస చెట్లన్నీ పైన, తినే నోళ్ళన్నీ కింద, వాగు పక్కన.

వెదురు కొట్టడానికి వచ్చిన మనుషులు ఒకసారి అక్కడ ఒక చెక్కబండిని వదిలేసి పోయారు. మనుషులు వదిలేసి పోయిన దేన్నయినా కాస్త అనుమానంగా చూడాలి. జంతువులు మాత్రం సంబరపడిపోయాయి. వీరభద్రుడనే అడవిదున్న ఖాళీ బండిని పైకి లాగేవాడు. గుబురయ్య అనే ఎలుగుబంటి దాన్ని పనసపండ్లతో నింపి, ఎక్కి కూర్చుని, కిందికి తెచ్చేవాడు. దిగేటప్పుడు ఎవరూ లాగక్కర్లేదు, వాలే తోస్తుంది. ఆపడమే అసలు పని. అందుకు చక్రం పక్కన ఒక లావుపాటి కర్ర ఉంది. దాన్ని గట్టిగా లాగితే చక్రాన్ని ఒరుసుకుని బండి మెల్లగా ఆగుతుంది.

వాగుకు కాస్త ముందు, బండిబాటకు అడ్డంగా నీళ్ళదారి ఉంది. పిల్లల తల్లులన్నీ ఆ దారినే వాగుకు వెళ్ళేవి. అందుకని మొదటిరోజే అందరూ కలిసి బండిని పరీక్షించారు. ఖాళీ బండిని మెల్లగా వదిలారు. నేల పొడిగా ఉంది. ఒకచోట కర్ర లాగితే, నీళ్ళదారికి చాలా ముందే ఆగింది. ఆ చోట ఒక తెల్లరాయి పాతి, పూలు పెట్టి, "ఇక్కడ కర్ర లాగాలి, ఇదే మన కట్టుబాటు" అనుకున్నారు. ఖాళీ బండికీ, మెల్లని నడకకూ, పొడినేలకూ పాతిన రాయి అది. ఆ సంగతి మర్చిపోయి రాయినొక్కదాన్నే గుర్తుపెట్టుకున్నారు.

గుబురయ్యకు ఆ అడవిలో అందరికంటే దగ్గరది అలివేలు. అలివేలు ఒక అలుగు. ఒంటినిండా పెంకులు, ఎవరి జోలికీ పోని స్వభావం. భయమేస్తే పరిగెత్తదు, బంతిలా ముడుచుకుపోతుంది. అలా ముడుచుకుంటే పులి కూడా విప్పలేదు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న గుబురయ్యకు, వయసులో తనకంటే చిన్నదైనా, చెదలపుట్ట తవ్వడం నేర్పింది ఆమే. ఇద్దరూ ఒకే పుట్ట దగ్గర తినేవాళ్ళు. అలివేలు తోక మీద ఆమె కూతురు మల్లి కూర్చుని, "మామా, నాకూ పెట్టు" అని మారాం చేసేది. గుబురయ్య దానికి పెట్టాకే తాను తినేవాడు.

మొదటిసారి గుబురయ్య సగం బండి పండ్లతో నింపాదిగా దిగాడు. తెల్లరాయి దగ్గర కర్ర లాగాడు. బండి నీళ్ళదారికి ముందే బుద్ధిగా ఆగింది. అందరూ మెచ్చుకున్నారు.

రెండోసారి కొమ్మయ్య అనే కోతి బండెక్కి పక్కన కూర్చున్నాడు. "ఏం బావా, చీమలు కూడా మనల్ని దాటిపోతున్నాయి. చేతుల్లో బలం లేదా ఏం?" అన్నాడు. గుబురయ్యకు రోషం వచ్చింది. రెట్టింపు జోరుగా బండిని వదిలాడు. కట్టుబాటు ప్రకారం తెల్లరాయి దగ్గరే కర్ర లాగాడు. బండి ఆగలేదు, ఆగలేదు, చివరికి ముందు చక్రాలు నీళ్ళదారిలోకి వచ్చాక ఆగింది. నీళ్ళకు పోతున్న కుందేలు ఒకటి గెంతి తప్పించుకుంది. అందరూ నవ్వారు. "పోయిందేముంది?" అన్నాడు వీరభద్రుడు. ఏమీ పోనప్పుడు నవ్వడం ఎంత సుఖమో చూశారా?

అలివేలు నవ్వలేదు. రాయి నుంచి బండి ఆగిన చోటు దాకా నేలను వాసన చూస్తూ నడిచింది. ఆ సాయంత్రం పుట్ట దగ్గర గుబురయ్యతో అంది.

"అన్నా, నువ్వు జోరు రెండింతలు చేశావు. ఆగడానికి పట్టిన నేల మాత్రం నాలుగింతలైంది. రేపు బండి నిండితే ఇంకా పడుతుంది, లాగే చెయ్యి అదే కదా. వానలొస్తే చెప్పనే అక్కర్లేదు. ఆ రాయిని బాగా పైకి జరిపించు."

"నా చేతి సత్తువ నీకు తెలియదా చెల్లీ?"

"సత్తువ సంగతి కాదన్నా. పిల్లతో తిరిగేదాన్ని, నాకు భయంగా ఉంది."

మల్లి తల్లి తోక మీంచి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. గుబురయ్య దాని తల నిమిరి, "సరేలే, వానలు పడేలోపు జరిపిస్తాను, ఇది నా మాట" అన్నాడు.

మాట ఇవ్వడానికి ఏం ఖర్చవుతుంది? రాయి జరపాలంటే అందరినీ పిలవాలి. పిలిస్తే కొమ్మయ్య నవ్వుతాడు, 'బావకు భయం పట్టుకుంది' అంటాడు. గుబురయ్య ఇవాళ కాదు రేపన్నాడు. రేపు కాదు ఎల్లుండి అన్నాడు. ఈలోపు మబ్బు పట్టింది.

"వానకు పండ్లు కుళ్ళిపోతాయి, అన్నీ ఒకేసారి దించెయ్" అన్నాడు కొమ్మయ్య. బండి నిండా పండ్లు కుక్కారు. సగం దారిలోనే వాన దంచికొట్టింది. ఎర్రమట్టి జారుడైపోయింది. బండి ఎన్నడూ లేనంత జోరందుకుంది. తెల్లరాయి వచ్చేవేళకు కొమ్మయ్య ఒక పనస తొన తీసి, "తిను బావా" అని నోటికి అందించాడు. గుబురయ్య అటు తిరిగాడు. తిరిగి ఇటు చూసేసరికి రాయి వెనకబడింది. కన్ను చూసి, బుర్రకు తెలిసి, చెయ్యి కదిలేదాకా బండి మనకోసం ఆగి ఉండదు పిల్లలూ. దాని దారిన అది పోతూనే ఉంటుంది.

ఎదురుగా నీళ్ళదారిలో అలివేలు. తోక మీద మల్లి.

గుబురయ్య ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కర్ర లాగాడు. చక్రం తిరగడం ఆగింది. బండి ఆగలేదు. తడిమట్టి మీద జారుతూ పోయింది. "తప్పుకో చెల్లీ" అని అరిచాడు. అలివేలు తన కులం తరతరాలుగా చేసిన పనే చేసింది. కూతుర్ని పొట్టకు అదుముకుని, చుట్టూ బంతిలా ముడుచుకుంది. పులికైతే అది చాలు.

బండి వాగులో పడి ఆగింది. గుబురయ్య పరిగెత్తుకొచ్చి తన గోళ్ళతో ఆ బంతిని మెల్లగా విప్పాడు. లోపల మల్లి బతికే ఉంది. అలివేలు లేదు.

మర్నాడు పంచాయతీ కూర్చుంది. "బావ కట్టుబాటు తప్పలేదు. తెల్లరాయి దగ్గరే లాగాడు" అన్నాడు కొమ్మయ్య, తొన మాట ఎత్తకుండా. "పరిగెత్తక ముడుచుకోవడం అలివేలు పొరపాటే. ఇకమీదట అలుగులు చుట్టుదారిన నీళ్ళకు పోవాలి" అన్నాడు వీరభద్రుడు. అందరూ తలలూపారు. చచ్చినవాళ్ళు ఎదురు చెప్పరు కదా, అందుకే తప్పంతా వాళ్ళ నెత్తిన పెట్టడం తేలిక.

"నువ్వేమైనా చెబుతావా గుబురయ్యా?" అని అడిగాడు వీరభద్రుడు.

మాట ఇచ్చిన సంగతి గుబురయ్య గొంతుదాకా వచ్చింది. "ఏం లేదు" అన్నాడు.

సభ లేచింది. అమ్మ పోయాక పిన్ని దగ్గర చేరిన మల్లి, ఆమె తోక మీంచి చిన్నగా, "అమ్మ నీకు చెప్పింది కదా మామా. నేను విన్నాను" అంది. ఆ మాట గుబురయ్య ఒక్కడికే వినబడింది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

కొన్నాళ్ళకు ఉండబట్టలేక వీరభద్రుడి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాడు. వీరభద్రుడు నెమరేస్తూ విన్నాడు. "తీర్పు అయిపోయింది. ఇప్పుడు మారిస్తే తలూపిన మేమందరం ఏమైపోవాలి? వెళ్ళు, బండి పైన ఎదురుచూస్తోంది" అన్నాడు.

గుబురయ్య బండెక్కలేదు. మల్లికైనా చెప్పాలని కొండ అవతల ఉన్న పిన్ని బొరియకు వెళ్ళాడు. పిన్ని బయటికొచ్చి, "నిన్ను చూడనంటోంది అన్నా" అంది. గుబురయ్య ఆ బొరియ ముందు పొద్దు వాలేదాకా కూర్చుని, ఒక్కడే వెనక్కి దిగిపోయాడు. ఇవతలి వాలు మీద బండి అప్పటికే నడుస్తోంది. ఈసారి కర్ర కొమ్మయ్య చేతిలో ఉంది.

నీతి: జోరు పెంచేవాడు ఎంత ముందుగా ఆపాలో, జోరు పెంచకముందే చూసుకోవాలి. బండి వాలు మాట వింటుంది, బరువు మాట వింటుంది, తడి మాట వింటుంది గాని, నడిపేవాడి మంచితనం మాట వినదు.