వరాలమ్మ వేసిన బాట

అనగనగా ఒక అడవిలో బాటలు వాటంతట అవే పుడతాయని అందరూ అనుకునేవాళ్ళు. ఎందుకనుకోరు చెప్పండి? పొద్దున్నే లేచి గుమ్మంలోకి వస్తే ఎదురుగా బాట ఉండేది. దాని మీద నడిచేవాళ్ళు. దాన్ని వేసిందెవరని అడగాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

వేసేది మాత్రం వరాలమ్మ. వరాలమ్మ ఒక అడవిపంది. వానాకాలంలో ముళ్ళపొదలు పెరిగి బాటలన్నీ మూసుకుపోయేవి. ఎండలు ముదరగానే ఆవిడ తన గట్టి మూతితో పొదలు చీల్చుకుంటూ కొత్త బాట తీసేది. ఆ మందపాటి తోలు ఇంకెవరికుంది? అందుకే అది ఆవిడ పని.

ఆ అడవిలో వానలు పట్టుకుంటే నలభై రోజులు వదలవు. వాగులు పొంగుతాయి. ఎవరూ గడప దాటలేరు. అందుకని వానలకి ముందే చారచెట్లున్న చారమెట్ట అనే గుట్ట ఎక్కి చారపప్పు, దుంపలు ఏరి తెచ్చుకుని ఇంట్లో దాచుకునేవాళ్ళు. వాళ్ళకి అదే ఆధారం.

ఆ ఏడు వరాలమ్మ బాట తీయబోతుంటే లోయలోంచి నేరేడుపళ్ళ వాసన వచ్చింది. వరాలమ్మకి నేరేడుపళ్ళంటే ప్రాణం. మెట్ట వైపు వెళ్ళాల్సిన మూతి లోయ వైపు తిరిగింది. పొదలు చీల్చుకుంటూ తిన్నగా నేరేడుచెట్ల కిందికే పోయింది. ఈ ఒక్క ఏడాదికి ఏమవుతుందిలే అనుకుని కడుపారా తిని కునుకు తీసింది.

మర్నాటి నుంచి అడవి అడవంతా ఆ బాటన లోయకి పోవడం మొదలుపెట్టింది. గంపలు పట్టుకునే పోయేవాళ్ళు. మూతులు నీలంగా చేసుకుని, ఖాళీ గంపలతో నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. చారపప్పు రేపు ఏరుకుందాంలే అనేవాళ్ళు. ఆ రేపు నెల్లాళ్ళయినా రాలేదు.

ఒకరోజు చెంగన్న అనే కుందేలుకి అయిదుగురు పిల్లలు పుట్టారని తెలిసి వరాలమ్మ చూడ్డానికి వెళ్ళింది. పిల్లలు పత్తికాయలంత ఉన్నారు. వాళ్ళని ముద్దు చేసి, మాటల్లో మాటగా కొట్టుగదిలోకి తొంగిచూసింది. గదిలో మూడు నేరేడు గింజలు తప్ప ఏమీ లేవు. వానలకి ఇంకా పక్షం రోజులే ఉంది.

వరాలమ్మ పిల్లల వైపు తిరిగి చూసింది. ఈ అయిదుగురూ నలభై రోజులు ఏం తింటారు? ఆవిడకి తన మూతి మీద తనకే కోపం వచ్చింది.

వెంటనే చెంగన్నని కూర్చోబెట్టి, రేపటి నుంచి మెట్టకి వెళ్ళమని చెప్పింది.

"అందరూ లోయకే పోతున్నారు కదత్తా," అన్నాడు చెంగన్న. "ఇంతమంది ఒకేసారి పొరపాటు పడతారా ఏంటి?"

అక్కణ్ణించి కొండప్ప దగ్గరికి వెళ్ళింది. కొండప్ప కోతి. వానల సంగతి తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. పోయినేడు వానలు నెల ఆలస్యమయ్యాయి కాబట్టి ఈ ఏడూ అంతేనని తేల్చేశాడు. అంతకుముందు ఏడు ముందే వచ్చాయి కదా అంటే, అది పాత సంగతి అని తోక ఊపాడు.

చివరికి భూషయ్య దగ్గరికి వెళ్ళింది. భూషయ్య ఎలుగుబంటి, అందరికీ పెద్ద. ఆయన చెబితే నలుగురూ వింటారు. కానీ ఆయన చెప్పిన మాట విని వరాలమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నెల్లాళ్ళు నడిచి నడిచి ఈ బాటని చదును చేశానమ్మాయ్. ఇప్పుడు వదిలేస్తే నా నడకంతా దండగ కాదూ?"

వరాలమ్మ ఉసూరుమంటూ ఇంటికొచ్చి కూలబడింది. ముగ్గురికి ముగ్గురూ బుద్ధిమంతులే. అయినా ఒక్కరూ వినలేదు. ఆవిడ చెప్పిన మాట ఎవరికీ ఎక్కలేదు గానీ, ఆవిడ వేసిన బాటన మాత్రం మారుమాట్లాడకుండా నడిచారు. ఈ సంగతి తట్టగానే ఆవిడ లేచి కూర్చుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరూ చెట్ల నీడన గురకపెడుతుంటే వరాలమ్మ పనిలోకి దిగింది. గూళ్ళ దగ్గర మొదలుపెట్టి మెట్ట ఎక్కేలా, మెట్ట దిగి లోయలోకి పోయేలా కొత్త బాట తీసింది. దుంపలున్న చోట మట్టి తిరగేసి అవి పైకి కనబడేలా చేసింది. పాత బాటని మూయలేదు. దానికి అడ్డంగా ఒక్క రేగికొమ్మ పడేసిందంతే. గెంతితే చెంగన్న పిల్లలు కూడా దాటగలరు.

తెల్లారింది. అందరికంటే ముందు భూషయ్య గంప పట్టుకుని వచ్చాడు. రేగికొమ్మని చూశాడు. శుభ్రంగా ఉన్న కొత్త బాటని చూశాడు. ఇవాళ దారి ఇటు మారినట్టుందే అని గొణుక్కుని మెట్ట వైపు తిరిగాడు. నెల్లాళ్ళ నడక ఆయనకి గుర్తే రాలేదు. ఆయన వెనక కొండప్ప, కొండప్ప వెనక చెంగన్న, వాళ్ళ వెనక అడవంతా కదిలింది. పొదలో దాక్కుని చూస్తున్న వరాలమ్మ నవ్వు ఆపుకోలేక మూతిని మట్టిలో కూరుకుంది.

మెట్ట మీద చారపళ్ళు కాళ్ళకి తగిలాయి. దుంపలు కళ్ళకి కనబడ్డాయి. గంపలు ఎలాగూ చేతుల్లోనే ఉన్నాయి. లోయకి చేరేసరికి గంపలు నిండిపోయాయి, కడుపులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఇంకేం, అందరూ హాయిగా నేరేడుపళ్ళు తిని, నీలం మూతులతో, నిండు గంపలతో ఇళ్ళకి చేరారు. పన్నెండు రోజులు ఇలాగే గడిచింది. పదమూడో రోజున ఆకాశం చిల్లుపడ్డట్టు వాన పడింది.

వాగులు పొంగకముందే అందరూ కొట్లలోని తిండి మూటగట్టుకుని భూషయ్య గుహలో చేరారు. వేయించిన చారపప్పు చుట్టూ కూర్చుని తమ ముందుచూపుని తామే తెగ మెచ్చుకున్నారు. ఈ ఏడు వానలు వేళకే వస్తాయని తనకి ముందే తెలుసన్నాడు కొండప్ప. వరాలమ్మకి నవ్వొచ్చింది గానీ లోపల ఏదో గుచ్చుకుంది. ఇక ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేసింది.

గుహలో అందరూ నమలడం ఆపేశారు.

"అంటే కాళ్ళు మావి, నడిపించింది నువ్వా?" అన్నాడు చెంగన్న.

"అవునురా అబ్బాయ్. లోయకి నడిపించిందీ నేనే, మెట్టకి నడిపించిందీ నేనే. మొదటిది నా నాలుక కోసం. రెండోది నీ పిల్లల కోసం. రెండుసార్లూ మీకు చెప్పకుండానే చేశాను. అది తప్పే."

చెంగన్న చెవులు కోపంతో నిక్కబొడుచుకున్నాయి. అంతలో అయిదుగురు పిల్లలూ బుగ్గల నిండా పప్పు పెట్టుకుని కనబడ్డారు. చెవులు మెల్లగా కిందికి వాలాయి.

"మెట్టకి తిప్పినందుకు నీకు దండం పెడతానత్తా. చెప్పకుండా తిప్పినందుకు మాత్రం పోట్లాడతాను."

"ఏది ముందు?" అంది వరాలమ్మ బెరుగ్గా.

"దండమే ముందు. పోట్లాటకి నలభై రోజులుంది కదా," అన్నాడు చెంగన్న. గుహ నవ్వులతో ఊగిపోయింది. భూషయ్య అయితే నవ్వలేక పొట్ట పట్టుకుని పడుకున్నాడు. అందరికీ కాస్త సిగ్గుగానే ఉంది, అయినా నవ్వారు.

మళ్ళీ ఎండలొచ్చాయి. వరాలమ్మ బాట తీసింది. అందరూ గంపలతో వచ్చారు. ఈసారి ఎవరూ అడుగు వెయ్యలేదు. బాటని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. చెంగన్న పెద్దకూతురు ముందుకొచ్చి అడిగింది.

"అమ్మమ్మా, మెట్ట దగ్గర ఈ బాట అంత వంకర ఎందుకు తిరిగింది?"

వరాలమ్మ అటూ ఇటూ చూసింది. తప్పదని ఒప్పుకుంది. "అక్కడో బురదగుంట ఉంది తల్లీ. చల్లగా ఉంటుంది. వెళ్తూ వెళ్తూ ఒకసారి దొర్లుదామని."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిన్నగా పోయే దారి తీయమంటే ఆవిడ తీసేదే. కాసేపు గుసగుసలాడుకున్నాక చెంగన్న గంప భుజానికెత్తుకున్నాడు.

"బురదగుంట మీదుగానే పోదాం," అన్నాడు. "ఎండగా ఉంది. ఇది మేం అనుకుని వేస్తున్న అడుగత్తా."

ఆ రోజు అడవి అడవంతా బురదలో దొర్లి, గంపలు నింపుకుని ఇల్లు చేరింది.

నీతి: కాళ్ళు అలవాటుగా పోతున్న దారిని ఎవరు, ఎందుకు వేశారో ఆగి అడగాలి; దారి వేసేవాళ్ళు ఆ మాట దాచకుండా చెప్పాలి.